అబేయన్సుకు పోయిన అర్జీ

బోధన్ తాలూకా రైతుల అర్జీలు ఏ మూలన ఉన్నా వెతికి తెస్తానని మా పార్టీ అధ్యక్షుడు దేవిదాస్ గారు 1964 ఫిబ్రవరిలో బస్టాండు ఎదుట ప్రకటించారు. ఇంతటి మాట ఇచ్చిన నాయకుడు మా తాలూకాలో అంతకుముందు పుట్టలేదు. పత్రికకు వార్తలు రాసేవాణ్ణి కనక నేను ముందు వరసలో ఉన్నాను.

సంగతేమిటంటే, మా ఊరి రైతు భీమవ్వ రెండెకరాల చెరుకు ముదిరి పూతకొచ్చింది. చక్కెర ఫ్యాక్టరీ కటింగ్ ఆర్డర్ లేనిదే కొయ్యకూడదు. ఆర్డర్ కోసం ఆమె పెట్టిన అర్జీకి హైదరాబాదు నుంచి ఇంగ్లీషులో ఒకే వాక్యం జవాబొచ్చింది. దేవిదాస్ గారు దాన్ని రెండుసార్లు చదివారు.

"అబేయన్సుల పెట్టిండ్రవ్వా. నేను పోయి తెస్త," అన్నారు.

దండలేసి రైలెక్కించాం. నాలుగో రోజు తిరిగొచ్చి, అబేయన్స్ మూడంతస్తుల మేడ అనీ, భీమవ్వ కాగితాన్ని రెండో అంతస్తులో కళ్లారా చూశాననీ, చాయ్ కూడా పోశారనీ చెప్పారు.

మిషన్ బడిలో ఇంగ్లీషు చెప్పే జీవరాజు సారు ఉండబట్టలేక డిక్షనరీ పట్టుకొచ్చారు. అది ఊరూ కాదట, మేడా కాదట. ఏదీ తేల్చకుండా ఆపి ఉంచడమట. పాత ఫ్రెంచిలో దాని మూలం నోరు తెరుచుకుని ఎదురుచూడటమట.

"గా డిక్షనరీ ఇంగ్లండుది సారూ," అన్నారు దేవిదాస్ గారు శాంతంగా. "మనది ఇండియా సర్కారు."

జీవరాజు సారు డిక్షనరీ మూసేశారు.

భీమవ్వకు ఈ చదువులతో పనిలేదు. "పటేలా, గడ ఎండుతున్నది. ఇంకో పదిరోజులైతే పిప్పే మిగుల్తది," అని దేవిదాస్ గారితో అంది. ఆమె మొహం చూస్తే నాకు జాలేసింది. కానీ మా పత్రికలో జాలి వెయ్యరు.

రైతులకు హైదరాబాదు దూరాభారమని దేవిదాస్ గారు మంత్రిగారికి రాశారు. దయామయులైన మంత్రిగారు మా దగ్గరే అబేయన్స్ బ్రాంచి మంజూరు చేశారు. ఆ మాటకు అర్థం ఆయన్ని ఎవరూ అడగలేదు, ఆయనా ఎవర్నీ అడగలేదు. శంకుస్థాపనకు రోడ్డు పక్కన జాగా కావలసివచ్చింది. నలభై మంది కొడవళ్లతో దిగి ఒక్క పూటలో ఒక చేను చదును చేశారు.

సభలో మంత్రిగారు మొదటి అర్జీ తానే తేలుస్తానని భీమవ్వను వేదిక మీదికి పిలిచారు. చెరుకు ఎక్కడుందని అడిగారు.

"మీరు నిలవడ్డ జాగల్నే ఉండె సారూ," అంది భీమవ్వ. "నిన్న కోసిండ్రు."

మంత్రిగారు ఒకసారి కాళ్ల కిందికి చూసుకున్నారు. తర్వాత కలం తీసి, చెరుకు లేనందున ఆర్డర్ అవసరం లేదని అర్జీ మీద రాసి సంతకం చేశారు.

అందరం చప్పట్లు కొట్టాం. దేవిదాస్ గారు భీమవ్వ చేతే మంత్రిగారికి దండ వేయించారు.