నీళ్లెరగని నౌకాదళం

ఏమండోయ్, పేపరు అడ్డం పెట్టుకుని కునుకు తీస్తున్న పెద్దమనిషీ! మిమ్మల్నే. వెనక్కి తిరిగి చూస్తారేం, మీ వెనకాల గోడ తప్ప ఎవరూ లేరు.

పొద్దున్నే మీ అబ్బాయిని లేపబోయి గొంతు పోగొట్టుకున్నారు. మీ అమ్మాయి చేతిలో ఫోను లాక్కోబోయి మీ కళ్లజోడే విరగ్గొట్టుకున్నారు. అవునా, కాదా? చెప్పకండి లెండి, మొహమే చెబుతోంది.

మందు నేను చెబుతాను, ఫీజు అక్కర్లేదు. మీ పిల్లల్ని నేవీ క్యాడెట్లలో పడెయ్యండి!

"మా ఊళ్లో సముద్రం లేదే" అంటారా? అక్కడే మీరు పప్పులో కాలేశారు. సముద్రం ఉన్న ఊళ్లో నేవీ ఎవడైనా పెడతాడు! అందులో గొప్పేముంది? మా ఊరికి సముద్రం ఎంత దూరమంటే, రైలెక్కి పడుకుని, లేచి, పళ్లు తోముకుని, విసుగొచ్చి మళ్లీ పడుకున్నా రాదు. అయినా మాకు బాలల నౌకాదళం ఉంది. తెల్ల యూనిఫారం, నీలం టోపీ, అద్దంలా మెరిసే బూట్లు. అన్నీ ఉన్నాయి, ఒక్క నీళ్లు తప్ప.

మా అక్క కూతురు, అంటే నా కోడలు పిల్ల, అందులో క్యాడెట్టు. పదో క్లాసు. నేను ఉండేది వాళ్ల మేడ మీద గదిలోనే గనక, అనుభవంతో చెబుతున్నాను. అది చేరిన రోజు నుంచీ మా ఇల్లు ఇల్లు కాదు, ఓడ.

వంటగదిని వంటగది అనకూడదు, గ్యాలీ అనాలి. గచ్చుని డెక్కు అనాలి. బాత్రూముకీ ఏదో పేరుంది గానీ, అది గుర్తు తెచ్చుకునేలోపు కొంప మునిగేలా ఉందని మామూలుగానే వెళ్లిపోతున్నాం.

మా బావకి కళ్లజోళ్ల షాపు. సాయంత్రం అలిసిపోయి వచ్చి గుమ్మంలో కాలు పెట్టబోతాడా, లోపల్నుంచి కేక. "ఎవరది? ఓడెక్కడానికి పర్మిషన్ తీసుకున్నారా?"

"ఇప్పించు తల్లీ, ఆకలేస్తోంది" అంటాడు పాపం, తను కట్టించుకున్న ఇంటి బయట నిలబడి.

"ముందు చెప్పులు విప్పండి!"

విప్పుతాడు! పెళ్లయిన దగ్గర్నుంచీ మా అక్క నెత్తీ నోరూ కొట్టుకున్నా విప్పని చెప్పులవి! ఇంతకంటే దేశసేవ ఏం కావాలండీ?

ఇంక విజిలు. తిండికో విజిలు, స్నానానికో విజిలు, లైట్లార్పడానికో విజిలు. పక్కింటి తాతగారు గడియారం తీసి లోపల పెట్టేశారు, మా విజిలు విని మాత్రలు వేసుకుంటున్నారు. ఎదురింటి కుక్క అయితే విజిలు వినపడగానే లేచి అటెన్షన్లో నిలబడుతోంది. వాళ్లబ్బాయి మాత్రం ఇంకా లేవడం లేదు. వాణ్ణీ చేర్పించమన్నాను.

నావికులకి ముడులు చాలా ముఖ్యమట. కర్టెన్లకి ముడులు, సంచులకి ముడులు, బావ బూట్ల లేసులకి ముడులు. ఓ రోజు మధ్యాహ్నం నేను నిద్రపోతుంటే నా పైజామా బొందు మీద ప్రాక్టీసు చేసింది. లేచి చూసుకునేసరికి అర్జెంటు!

"లాగకు మావయ్యా, లాగితే ఇంకా బిగుస్తుంది. తుఫానులో కూడా ఊడదది!" అంది గర్వంగా.

"తుఫాను వచ్చేసిందే తల్లీ, కత్తెర పట్రా!"

నవ్వకండి. పిల్లలు ఒక పని నేర్చుకున్నారంటే అది మన ఒంటి మీద తెలియాలి.

ఆదివారం ఆదివారం స్కూలు గ్రౌండులో పెరేడు. నడిపించేది కెప్టెన్ గారు. మిగతా రోజుల్లో ఆయన మంచాలూ బీరువాలూ అమ్ముతారు. ఆ మీసం చూస్తే అలలైనా ఆగిపోవాల్సిందే, కాకపోతే ఆపడానికి అలలేవీ?

గ్రౌండు మధ్యలో రెండు చెక్క స్టాండ్ల మీద ఒక పడవ. ఏటా రంగు వేస్తారు, కొత్త పెళ్లికూతురిలా మెరిసిపోతూ ఉంటుంది. పిల్లలు అందులో బారుగా కూర్చుని గాల్లో తెడ్లు వేస్తారు. "ఎడమ నుంచి తుఫాను!" అని కెప్టెన్ గారు అరుస్తారు. అందరూ కుడికి వాలతారు. "కుడి నుంచి పెద్ద అల!" అందరూ ఎడమకి. ఓసారి ఒక పిల్లాడికి నిజంగానే కళ్లు తిరిగి వాంతయింది. చూశారా ట్రైనింగు!

ఇంత భద్రమైన నేవీ ఇంకెక్కడుంది చెప్పండి? మునగదు, తడవదు, దారి తప్పదు. బయల్దేరిన చోటే ఉంటుంది గనక కన్నవాళ్లకి బెంగ కూడా లేదు!

ఇలా సుఖంగా సాగిపోతుంటే, ఓ రోజు మా కోడలు పిల్ల మెట్ల మీద కూర్చుని బూటు తోముతోంది. తోమిందే తోముతోంది. మొహం చూస్తే మబ్బు పట్టినట్టుంది.

"ఏమైందే? బూటు అరిగిపోతుంది, వదిలెయ్" అన్నాను.

"ఈ ఏడాదితో నాకు ఆఖరు మావయ్యా. తర్వాత వయసు దాటిపోతుంది, తీసుకోరు. ఇన్నాళ్లూ గాల్లోనే తెడ్డు వేశాను. ఒక్కసారి... ఒక్కసారైనా నీళ్ల మీద వెయ్యాలని ఉంది."

నా ప్రాణం ఉసూరుమంది. "పార్కు వెనకాల అంత చెరువుందిగా?"

"మా దళం ప్రెసిడెంటు గారు ఒప్పుకోరు. నీళ్లలో దింపితే రంగు పోతుందట."

"కొత్తది కొనమను."

"అడిగినప్పుడల్లా వచ్చే ఏడాది చూద్దాం అంటారు." బూటు పక్కన పెట్టి నిట్టూర్చింది. "యాన్యువల్ డే నాడు అందరి ముందూ మైకులో అడిగేస్తే ఆయన కాదనలేరు. కానీ అంత ధైర్యం ఎవరికుందిలే!"

ఎవరికుందా? ఎవరితో అంటోందండీ ఆ మాట! కుర్చీలూ మైకులూ అద్దెకిచ్చే మనిషితోనా? పెళ్లిచూపుల్లో బావ కూర్చునే కుర్చీ కాలు వదులు చేసిన వీరుడితోనా? ఆ రోజుకి మైకు నాది, స్పీకర్లు నావి, కుర్చీలు నావి. నా సామ్రాజ్యంలో నాకు భయమా!

యాన్యువల్ డే వచ్చింది. ప్రెసిడెంటు గారు లేచి "పిల్లలూ, సముద్రం మిమ్మల్ని పిలుస్తోంది!" అని మొదలెట్టారు. అలా పిలుస్తూనే ఉంది, పిలుస్తూనే ఉంది. సముద్రానికి గొంతు పోయి ఆయన కూర్చోగానే నేను వైరు లేని మైకు అందుకున్నాను.

"ఇప్పుడు మన ప్రెసిడెంటు గారు స్వయంగా పడవెక్కి, చెరువులో తొలి ప్రయాణం చేసి పిల్లలకి దారి చూపిస్తారు! గట్టిగా చప్పట్లు!"

చప్పట్లు హోరెత్తాయి. ప్రెసిడెంటు గారు నన్ను నమిలి మింగేసేలా చూశారు. కానీ అప్పటికే జనం ఫోన్లు ఎత్తి వీడియోలు తీసేస్తున్నారు. నవ్వక చస్తారా? కెప్టెన్ గారు బేజారెత్తిపోతారనుకుంటే, ఠపీమని సెల్యూట్ కొట్టి "రెడీ సార్!" అన్నారు. క్రమశిక్షణ అంటే అదీ!

పదిమందీ పట్టి పడవని చెరువు దాకా మోశారు. ప్రెసిడెంటు గారు ఒడ్డున కాళ్లు నిలదొక్కుకుని "ముందు మీరు" అన్నారు. ఎగిరి దూకాను. పడవలో ఉండి కామెంటరీ చెప్పే ముచ్చట వదులుకుంటానా! నా వెనకాల ఆయన, ఆయన వెనకాల కెప్టెన్ గారు.

"నౌక బయల్దేరింది! ప్రెసిడెంటు గారి కళ్లలో ఆ తేజస్సు చూడండి! ప్రెసిడెంటు గారి బూట్లు... ఎందుకో కొంచెం తడిశాయి. ప్రెసిడెంటు గారి మోకాళ్లు... అయ్యా, మీరు కొంచెం కిందికి దిగినట్టున్నారు..."

అప్పుడు తెలిసింది. వానలకి పడవలో నీళ్లు నిలిచి దోమలు పెరుగుతున్నాయని, ఎప్పుడో ప్రెసిడెంటు గారే అడుగున వరసగా చిల్లులు పొడిపించారట. పైన చెక్కలు పరిపించి, రంగు వేయించి, హాయిగా మర్చిపోయారు!

నడుం లోతు నీళ్లే గనక ప్రాణాలకి ఢోకా లేదు. పడవ కిందికి వెళ్లింది, మేం ముగ్గురం నిలబడ్డాం. ఒడ్డున క్యాడెట్లంతా మునుగుతున్న ఓడకి సెల్యూట్ చేశారు. నేను మునిగినా మైకు మునగనివ్వలేదండోయ్, అద్దె సామాను! దాన్ని ప్రెసిడెంటు గారి నోటి దగ్గర పెట్టాను. అంత జనం, అన్ని ఫోన్లు. పాపం, ఇంకేమంటారు?

"ఈ నెల్లోనే... పిల్లలకి... చిల్లుల్లేని కొత్త పడవ!"

ఊరంతా మోగింది. ఒడ్డెక్కేసరికి మా కోడలు పిల్ల మూడు తువ్వాళ్లు మడతపెట్టి పట్టుకుని ఉంది. కెప్టెన్ గారు తన ఫోనూ వాచీ ఎవరో క్యాడెట్టు దగ్గర్నుంచి తీసుకుంటున్నారు. ఎంత ముందుచూపో చూశారా! నేవీ అంటే ఊరికే అన్నానా!

తర్వాత నా వైభవం ఏం చెప్పమంటారు! వీధిలో వెళ్తుంటే భుజం తట్టేవాళ్లే. "నీ వెధవ్వేషాలకి ఇన్నాళ్లకో ప్రయోజనం కలిగిందిరా తమ్ముడూ" అని మా అక్కే అంది. ప్రెసిడెంటు గారు మాత్రం నా కుర్చీల ఆర్డరు పీకేసి, నన్ను చెరువు గట్టు ఎక్కనివ్వొద్దని వాచ్‌మన్‌కి చెప్పారు. పోనీలెండి. కొత్త పడవ వచ్చింది. నిన్న మా కోడలు పిల్ల నిజం నీళ్లలో తెడ్డు వేసింది. జుట్టంతా తడిసి, ఇల్లంతా నీళ్లు కారుస్తూ, పకపకా నవ్వుతూ వచ్చింది. డెక్కు తడిసిందని కూడా చూసుకోలేదు.

కాలరెగరేసి అడిగాను. "చూశావే మీ మావయ్య ప్లాను? చిల్లులున్నాయని ముందే తెలిస్తే ఇంకా బాగా ఆడించేవాణ్ణి."

"మాకు తెలుసుగా మావయ్యా. ప్రతి ఆదివారం దాన్ని ఊడ్చేది మేమే. చెక్క ఎత్తితే కింద గడ్డి కనపడుతుంది."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెబితే నువ్వు దూకేవాడివా? నువ్వు దూకకపోతే ఆయన ఎక్కేవారా?"

ఎగరేసిన కాలరు దించుకున్నాను. "ఇదంతా... ఎవరి ప్లానే?"

"కెప్టెన్ గారూ నేనూ కలిసే వేశాం. నిన్ను ముందు పెడితే మా మీద ఎవరికీ అనుమానం రాదన్నారు. ఊళ్లో ఏం జరిగినా నువ్వే చేశావనుకుంటారటగా!"