బావగారి బొగ్గుల పొయ్యి, దాని అటాచ్‌మెంటు

అరగంటలో ఉడికే మాంసాన్ని ఆదివారమంతా ఉడికించే పరికరం కంటే గొప్పదాన్ని మానవజాతి ఇంతవరకూ కనిపెట్టలేదని నేను ఘంటాపథంగా చెబుతున్నాను. నవ్వకండి! చక్రం మీద, విమానం మీద నాకూ గౌరవముంది. కానీ అవి మనిషిని పరుగెత్తించడం తప్ప ఏం చేశాయి? మనిషిని ఒకచోట కూర్చోబెట్టిన పరికరం ఇదొక్కటే.

అది మా ఇంటికొచ్చింది. మా ఇల్లంటే కింది వాటాలో మా అక్క, బావగారు, బావగారి తల్లి. మేడ మీద గదిలో నేనూ, నా రాతలూ. పరికరం కింది వాటాదే అయినా దాని పొగ మాత్రం తిన్నగా నా గదికే వచ్చేది. దాన్నీ వరంగానే స్వీకరించాను. పొగ మొదలయ్యాక దోమలు రావడం మానేశాయి. తర్వాత నా స్నేహితులు మానేశారు. రాసుకోవడానికి ఎంత తీరిక!

ముందుగా బావగారి గురించి చెప్పాలి. ఆయన లిఫ్టులు బాగుచేసే కంపెనీలో సూపర్‌వైజరు. లిఫ్టు బటన్ ఒక్కసారి నొక్కితే చాలని ఊరందరికీ చెప్పే ఉద్యోగం. తాను మాత్రం అది కిందికి దిగేదాకా నొక్కుతూనే ఉంటారు. సిగ్నల్ దగ్గర పచ్చలైటు పడకముందే హారన్ కొడతారు. ఎదుటివాళ్ళు మాట మొదలుపెడితే చివర తానే పూర్తి చేస్తారు, అదీ తప్పుగా. భోజనానికి కూర్చున్నాక కంచం రావడం కాస్త ఆలస్యమైతే చెంచాతో బల్ల మీద దరువు మొదలవుతుంది.

అలాంటి మనిషి బొగ్గుల గ్రిల్లు కొన్నారు. మూడు కాళ్ళ మీద నిలబడ్డ పెద్ద నల్ల గిన్నె, దాని మీద బోర్లించిన ఇంకో గిన్నె. మొదట్లో దాని మీద ఏం వేసినా పైన బొగ్గు, లోపల పచ్చి. మేం మర్యాదస్తులం కాబట్టి ఆ రెండింటికీ మధ్య ఉన్న సన్నటి పొరను ఏరుకుని తిని, బాగుందనేవాళ్ళం.

అప్పుడు వచ్చిందండీ, అటాచ్‌మెంటు!

చూడడానికి నెలవంకలా వంగిన స్టీలు తొట్టి. గ్రిల్లులో ఒక పక్కగా దించితే బొగ్గులన్నీ అందులోనే బుద్ధిగా కూర్చుంటాయి. తొట్టి ముందు సన్నటి కాలువలాంటిది ఉంటుంది, దాన్నిండా నీళ్ళు పోయాలి. మాంసాన్ని రెండో పక్కన పెట్టి మూత వేస్తే, నిప్పు తగలకుండా వేడి మాత్రమే తగిలి, గంటల తరబడి మెత్తగా ఉడుకుతుంది. చివర్లో దాన్ని తెచ్చి సరిగ్గా బొగ్గుల మీద పెట్టి అటూ ఇటూ చుర్రుమనిపిస్తే పైన ఎర్రటి పెచ్చు కడుతుంది. ముందు లాలన, తర్వాత వాత. పిల్లల పెంపకం గురించి పెద్దలు చెప్పిందీ ఇదే కదా?

ఆ అటాచ్‌మెంటు వచ్చిన వారం నుంచి బావగారు వేరే మనిషి. ఆదివారం పొద్దున్నే పెరట్లో కుర్చీ వేసుకుని కూర్చునేవారు. గాలి రంధ్రాన్ని వెంట్రుకవాసి జరిపి, వెనక్కి వెళ్ళి, తల ఒక పక్కకి వంచి చూసేవారు. మళ్ళీ వచ్చి అదే వెంట్రుకవాసి వెనక్కి జరిపేవారు. గొంతు తగ్గింది. నడక నెమ్మదించింది. ఎవరైనా గ్రిల్లు దగ్గరికి వెళితే మాత్రం, నిద్రపోతున్న పసిపాపను చూపించినట్టు వేలు పెదవుల మీద పెట్టుకుని, మూత తీయొద్దని సైగ చేసేవారు.

దీనివల్ల సమాజానికి జరిగిన మేలు అంతా ఇంతా కాదు. పక్కింటి ఇన్సూరెన్స్ ఏజెంటును మేం మీసాలాయన అంటాం. ఆయన ఒక ఆదివారం పాలసీ అమ్ముదామని వచ్చి, బావగారి చేతికి చిక్కాడు. ఏ కట్టెముక్క పొగకు ఏ వాసనో, నీటి ఆవిరి వల్ల మాంసానికి ఏం మేలో సాయంత్రం దాకా విన్నాడు. పాలసీ మాట ఎత్తకుండానే వెళ్ళిపోయాడు. ఇంకెప్పుడూ ఎత్తలేదు. మనిషి నోటికి తాళం వేసే యంత్రాన్ని మీరింకెక్కడైనా చూశారా?

బావగారి తల్లికి కూడా సంతోషమే. కొడుకు తన దగ్గర రోజంతా కూర్చోవడం ఆవిడ ఎరగదు. ఇప్పుడు ఆవిడ కుర్చీ పక్కనే ఆయన కుర్చీ. ఏం మాట్లాడాడమ్మా అని ఒకసారి అడిగాను. మూత తీయొద్దన్నాడని చెప్పింది. ఆవిడ దాన్ని కబుర్ల కిందే లెక్కేసుకుంది.

ఈ వంటంతా బావగారు ఒంటిచేత్తో చేసేవారు. అంటే, ఒక చెయ్యి ఆయనది. తక్కినవి మా అక్కవి. అక్క ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతుంది. శనివారం ఇంటికొచ్చాక మాంసానికున్న కొవ్వు తీసి, ఉప్పూ మిరియాలూ పట్టించి, గిన్నెకు మూతేసి ఫ్రిజ్‌లో పెట్టేది. ఆదివారం పొద్దున కూరగాయలు తరిగేది. మధ్యాహ్నం అందరికీ కంచాలు సర్దేది. సాయంత్రం మసిపట్టిన తొట్టిని పీచు పెట్టి తోమి, బూడిద ఎత్తి పోసేది. ఇవన్నీ చిన్న చిన్న పనులు. నిప్పు పక్కన కూర్చుని ఆలోచించడం పెద్ద పని. అందుకే తినేవాళ్ళందరూ బావగారినే మెచ్చుకునేవాళ్ళు. అక్క కూడా తలూపేది.

ఇంత చేసినా బావగారికి ఒక వెలితి ఉండిపోయింది. మూత తీయకుండా లోపల ఏం జరుగుతోందో తెలిసేదెలా? ఆ వెలితీ తీరింది. మాంసానికి థర్మామీటరు తెచ్చారు. వైరుకు ఒక చివర సూది, దాన్ని మాంసంలో గుచ్చాలి. రెండో చివర చిన్న డబ్బా, అది ఎప్పటికప్పుడు ఫోన్‌కి కబురు పంపుతుంది. ఇక బావగారు ఎక్కడున్నా సరే, మాంసం క్షేమసమాచారాలు ఆయన జేబులోనే. స్నానానికి వెళ్ళినా ఫోన్ తలుపు దగ్గర పెట్టుకునేవారు. అరవై డిగ్రీలయిందని, అరవై రెండయిందని మా అందరికీ చెప్పేవారు. ఏ పాప మొదటి అడుగు వేసినా ఇంత సంబరం చూడలేదు నేను!

ఇక ఆ ఆదివారం సంగతి చెబుతాను. మీసాలాయన కుటుంబాన్ని భోజనానికి పిలిచారు. మాంసం పొద్దున్నే ఎక్కింది. మధ్యాహ్నానికి బొగ్గులు చాలవేమోనని బావగారికి బెంగ పట్టుకుంది. అక్కను గ్రిల్లు దగ్గర కూర్చోబెట్టి, చేయాల్సిందేమీ లేదనీ, చేయకపోవడమే ముఖ్యమనీ చెప్పి కొట్టుకు వెళ్ళారు. అక్క శాలువా కప్పుకుని, కుర్చీని గ్రిల్లుకు ఇంకాస్త దగ్గరగా జరుపుకుంది. ఎండలో శాలువా ఏమిటని ఎవరికీ తోచలేదు. కోడలికి ఇన్నాళ్ళకు గ్రిల్లు మీద ఇష్టం కలిగిందని అత్తగారు మురిసిపోయిందట.

నేను మేడ మీద రాసుకుంటుంటే ఫోన్ మోగింది. బావగారు.

“పడిపోతోంది. డెబ్భై నుంచి ఒక్కసారిగా పడిపోతోంది. నువ్వు వెంటనే కిందికెళ్ళి చూడు.”

ఆయన ఉద్యోగం తెలిసినదాన్ని కాబట్టి లిఫ్టేమో అనుకున్నాను. మాంసమని తేలాక తీరిగ్గా దిగాను.

గ్రిల్లు మూత వేసే ఉంది. పొగ తిన్నగా లేస్తోంది. కానీ థర్మామీటరు వైరు గ్రిల్లులోకి పోవడం లేదు. కుర్చీలో కళ్ళు మూసుకుని కూర్చున్న మా అక్క శాలువాలోకి పోతోంది. చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది. సూదిని శుభ్రంగా కడిగి, తుడిచి, చంకలో పెట్టుకుందట. నేను పిలిస్తే కళ్ళు తెరిచి ఎంతుందని అడిగింది. నాకేం తెలుసు? లెక్క చూపించే ఫోన్ బొగ్గుల కొట్లో ఉంది.

కాసేపటికి అది ఇంటికొచ్చింది, వెనకాలే బావగారు. బొగ్గుల సంచీ భుజం మీదే ఉంది. తెర మీద ముప్పై తొమ్మిదికి పైన, అంటే మన జ్వరం లెక్కలో నూటరెండు, చూపిస్తోంది. మాంసం తయారవడానికి ఇంకా చాలా సమయం పడుతుందని కింద ఒక వాక్యం.

“మాంసంలోంచి ఎందుకు తీశావు?” అన్నారు.

“జ్వరం చూసుకుందామని” అంది అక్క. “ఇంట్లో థర్మామీటరుకి బ్యాటరీ లేదు. మీరే తీసి ఈ డబ్బాలో వేశారు.”

బావగారు సంచీ దించారు. ఎప్పట్నుంచి జ్వరమని అడిగారు. మీరు మాంసానికి ఉప్పు పట్టించమన్నారు చూడండి, దానికి ముందు రోజు నుంచని చెప్పింది. మరి నాతో ఎందుకు చెప్పలేదన్నారు ఆయన. అక్క శాలువా సర్దుకుంది.

“మొదలుపెట్టాను. మిగతాది మీరే చెప్పేశారు, పని ఎక్కువై అలిసిపోయావు, పడుకుంటే పోతుందని.” మళ్ళీ కళ్ళు మూసుకుంది. “ఇవాళైతే ఫోన్‌లో ఎలాగూ చూస్తూ ఉంటారు కదా అని పెట్టుకున్నాను.”

బావగారు మొదటిసారి ఎదుటి మనిషిని ఒక వాక్యం చివరిదాకా చెప్పనిచ్చారు. వైరు ఊడదీసి, అక్కను లేపి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. నేనూ వెంట వెళ్ళాను.

డాక్టరమ్మ ముందు అక్కకు మాట్లాడే ఓపిక లేదు. అందుకని ప్రశ్నలు బావగారిని అడిగింది. జ్వరం రాత్రిళ్ళు ఎక్కువవుతోందా? నిన్న ఏం తిన్నారు? నీళ్ళు సరిగ్గా తాగుతున్నారా? ఏ మందైనా పడదా? పొద్దున్నించీ గ్రిల్లు కాలువలో నీళ్ళెన్నిసార్లు పోశారో చెప్పగల మనిషి ఒక్కదానికీ జవాబు చెప్పలేక నా వంక చూశారు. ఆ నాలుగు ప్రశ్నల్లో ఆయన ముఖం చిన్నపిల్లాడి ముఖమైపోయింది. పాపం, నాకే జాలేసింది.

వైరల్ జ్వరమనీ, భయపడక్కర్లేదు గానీ వారం రోజులు మంచం దిగకూడదనీ, పొయ్యి దగ్గరికి అసలే వెళ్ళకూడదనీ డాక్టరమ్మ చెప్పింది.

“ఆ పొయ్యి నేనే చూసుకుంటానండి. అది పెరట్లో ఉంటుంది” అన్నారు బావగారు.

“నేను చెప్పేది లోపలి పొయ్యి సంగతి” అందావిడ.

మేం తిరిగొచ్చేసరికి మాంసం తనంతట తానే ఉడికి ముద్దైపోయింది. దాని మీద ఎర్రటి పెచ్చు కట్టించాల్సిన మనిషి గ్రిల్లు వంక కూడా చూడకుండా అక్కను లోపలికి తీసుకెళ్ళారు. మీసాలాయన కుటుంబం కూర్చుని తిన్నది. ఇంత రుచిగా ఎప్పుడూ కుదరలేదని మీసాలాయన తలుపు దగ్గర నిలబడి చెప్పాడు. బావగారు విన్నట్టు లేరు. మంచం పక్కన కూర్చుని అక్క నుదుటి మీద తడిగుడ్డ మారుస్తున్నారు.

మర్నాడు సెలవు పెట్టి, అక్కకు టీ చేస్తానని వంటింట్లోకి వెళ్ళారు. వెళ్ళిన మనిషి అక్కడి నుంచే పిలిచారు. పంచదార ఎక్కడ? ఎడమ పక్క అలమారలో అంది అక్క. టీపొడి? దాని వెనక. వడగట్టేది? లైటరు? ఏ గిన్నె? ఆ ఏ గిన్నె దగ్గర అక్క మంచం దిగి, గోడ పట్టుకుని వచ్చి, తనే టీ పెట్టుకుంది. ఆయనకీ ఒక గ్లాసు ఇచ్చింది. ఆయన తప్పేముంది? పెళ్ళయినప్పటి నుంచీ ఆ వంటింటికి ఆయన అతిథే. అతిథికి డబ్బాలు వెతుక్కునే పని పెడతామా?

ఆ మరుసటి రోజు బావగారు పట్టుదలగా లేచారు. టీ గిన్నె, పాలు, డబ్బాలు అన్నీ పట్టుకుని పెరట్లోకి నడిచారు. బొగ్గులు రాజేశారు. ఎందుకంటే అక్కడ ఏది ఎక్కడుందో ఆయనకు కళ్ళు మూసుకున్నా తెలుసు! పొద్దున మొదలైన టీ, అక్క మంచం దగ్గరికి వచ్చేసరికి ఎండ నడినెత్తికెక్కింది. పొగ వాసన, పైన బూడిద రేణువులు. ఆయన గ్లాసు అందించి, ఫోన్ తీయకుండా, చేత్తోనే ఆమె నుదురు తాకి చూశారు.

ఆయన అటు వెళ్ళాక, ఒక్క గ్లాసు టీకి ఇంతసేపా అని నేను వేళాకోళం చేశాను.

“ఆలస్యమైతే అయింది లేవే” అంది అక్క. “నేను పడుకున్న చోటికి వచ్చింది కదా.”

ఇక నేను చెప్పడానికేం మిగిలింది? అటాచ్‌మెంటును మెచ్చుకుంటూ మొదలుపెట్టాను, మెచ్చుకుంటూనే ముగిస్తాను. వారం గడిచింది. జ్వరం తగ్గింది. అక్క లోపలి పొయ్యి దగ్గరికి, బావగారు బయటి పొయ్యి దగ్గరికి, ఎవరి డ్యూటీలోకి వాళ్ళు వెళ్ళిపోయారు.

కాబట్టి ఇలాంటి పరికరాలు తయారుచేసే కంపెనీలవారికి ఒక మనవి. అయ్యా, పెరటి పొయ్యికి మీరు చేయగలిగిన సేవంతా చేశారు. ఇప్పుడు వంటింటి గ్యాసు పొయ్యికి కూడా ఒక అటాచ్‌మెంటు తయారుచేయండి. స్టీలుదైతే మంచిది, కాస్త తళతళలాడాలి. అది ఏ పనీ చేయనక్కర్లేదు. పెట్టె మీద ‘మగవాళ్ళకు మాత్రమే’ అని రాస్తే చాలు.