పామ్ వీపున పాడెసుడి

"పాము పంపిస్తాండావా? నీకు నేనేం పాపం చేసినాను బామ్మర్దీ!" అని దేవరాజులు ఫోన్లో అరిచిన అరుపుకు మదనపల్లెలో వాళ్ళ వీధి వీధంతా కర్రలతో వచ్చి నిలబడింది. కుప్పం నుంచి మునిరాజ తన అక్క తులసమ్మకు పంపుతానన్నది పామ్. అంటే పామరేనియన్ కుక్కపిల్ల. తొంభై ఏడులో ఎస్టీడీ లైను ఎవరినీ వదల్లేదు, దాని తోకకు కూడా ఓ కొమ్ము తగిలించింది.

కుప్పం సరుకు కాబట్టి బొచ్చు కుప్పగానే ఉంది. "దీనికి రెండు పొరలక్కా. పైన పొడుగు బొచ్చు, కింద దూది బొచ్చు. దినమూ మెత్తగా దువ్వు. నూనె పూయొద్దు, గొరగొద్దు," అని చెప్పి మునిరాజ వెళ్ళిపోయాడు. తులసమ్మ దానికి మల్లి అని పేరు పెట్టింది. దేవరాజులుది పశువుల దాణా అంగడి. అంగడి తెరిస్తే దాణా, మూస్తే రేడియో. ఆ ఇంట్లో తులసమ్మ మాట చివరిదాకా వినే ప్రాణి మల్లి ఒక్కటే.

మూడు నెలలు గడిచాక ఓ ఆదివారం పొద్దున దేవరాజులు చిన్న పని ఒకటి పెట్టుకున్నాడు. పుంగనూరు సంతలో ఎద్దుల బేరగాడు బైరప్ప దాణాకు వచ్చాడు. బొచ్చులో సుళ్ళు చూసి బైరప్ప సరేననందే దేవరాజులు దూడను కూడా గడప దాటనివ్వడు. మల్లి ఆ పరీక్ష రాయకుండానే ఇంట్లో చేరిపోయింది.

"ఒకతూరి దీన్ని గూడా సూడు బైరప్పా. ఊరికే, మాట వరసకి."

బైరప్ప మల్లి పళ్ళు చూశాడు, తోక ఎత్తి చూశాడు, వీపు మీద బొచ్చు విడదీశాడు. అక్కడే ఆగిపోయాడు.

"పాడెసుడి అప్పా."

"యాడ?"

"నట్టనడి వీపున. ఎద్దుకుంటే యజమానికి ఆరు నెలలు."

"కుక్కకుంటే?"

"కుక్క చిన్నది కదప్పా. మూడనుకో."

దేవరాజులు లేచి ముందు ఫ్యాను ఆపాడు, తరువాత దాని కిందనుంచి జరిగాడు. మునిరాజకు ఫోన్ కొట్టి, "ఇప్పుడే బయల్దేరు. సాయంత్రం బస్సుకు నీ పామును నువ్వు తోలుకపో," అన్నాడు.

"అది పోతే నేనూ పోతా," అంది తులసమ్మ.

"నేను పోయేటట్లు ఉండాను మే!"

బైరప్పకు జాలేసింది. "అంగట్లో మూటలు కట్టించుకోని మధ్యాన్నం వస్తానమ్మా. ఇంకోతూరి సూస్తా," అని వెళ్ళాడు.

ఉన్న సమయం నాలుగు గంటలు. తులసమ్మ తమ్ముడి మాట మరిచి సుడి మీద ఆముదం పోసింది, పేలు తీసే ఈరుబానతో ఈడ్చింది. సుడి చావలేదు, పక్కన రెండు పిల్లల్ని పెట్టింది. పక్కింటి ఇంద్రాణి వచ్చి, "గంజి పెట్టక్కా. నా కాటన్ చీర సూడు, ఒక్క ముడతుండాదా?" అంది. గంజి పెట్టారు. ఎండలో నిలబెట్టారు. గంటలో మల్లి ఒంటి మీద బొచ్చు ఎటుది అటే బిగిసి, సుళ్ళు ఇంకో రెండు లేచాయి. పాపం, దువ్వబోతే ఆ రోజు మొదటిసారి తులసమ్మ మీదికే కాలు దువ్వింది.

మధ్యాహ్నం బైరప్ప వచ్చి మల్లి చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు.

"పొద్దున పాడె ఒకటే ఉండె కదమ్మా! ఇప్పుడు మోసేదానికి నలుగురు గూడా వచ్చినారే!"

దేవరాజులు పడక్కుర్చీలో కూలబడ్డాడు. సరిగ్గా అప్పుడే మునిరాజ బస్సు దిగి వచ్చాడు. కుక్కను చూశాడు, అక్కను చూశాడు.

"ఏందక్కా ఇది, కుక్కా అప్పడమా?"

అతను గోరువెచ్చని నీళ్ళతో గంజీ ఆముదమూ వదలగొట్టాడు, తువ్వాలుతో అద్దాడు, చివర్ల నుంచి మొదలుపెట్టి ఓపిగ్గా దువ్వాడు. మోసేవాళ్ళు నలుగురూ దిగిపోయారు. పాడె మాత్రం కదల్లేదు. మునిరాజ దాన్ని వేళ్ళతో నలిపి చూశాడు.

"ఇది పుట్టుసుడి కాదు. దూది బొచ్చు చుట్టుకోని ముడిపడిండాది. ఎవరో దినమూ ఒకే చోట వేలు పెట్టి గుండ్రంగా తిప్పితాండారు."

అందరూ తులసమ్మ వైపు తిరిగారు.

"నేను తలకాయ నిమరతా. వీపు జోలికి పోను."

"నా పక్క సూడాకండి," అన్నాడు దేవరాజులు. "ఆ పామును నేను తాకను గూడా తాకను!"

ఇంతలో ఇంద్రాణి వాళ్ళింట్లో రేడియో వార్తలు మొదలయ్యాయి. మల్లి చెవులు నిక్కబొడిచింది. మునిరాజ చేతుల్లోంచి జారి, నేరుగా పడక్కుర్చీ దగ్గరికి నడిచి, దేవరాజులుకు వీపు చూపించి కూర్చుంది. దేవరాజులు ముఖం పక్కింటి వైపే ఉంది. కుడిచెయ్యి దానంతటదే కిందికి వేలాడింది. చూపుడువేలు మల్లి నడివీపున చేరి, నిదానంగా, గుండ్రంగా, తిరగసాగింది.

ముఖ్యాంశాలు ముగిసేదాకా అందరూ ఆ వేలునే చూశారు.

"అప్పా," అన్నాడు బైరప్ప, "నీ వేలు."

దేవరాజులు కిందికి చూశాడు. వేలు ఆగింది. మల్లి వెనక్కి తిరిగి, ఇంకా వార్తలు కాలేదే అన్నట్టు చూసింది.

"మూడు నెలలుగా నాతో మాట్లాడే తీరిక ల్యాదు గానీ దీని వీపు గోకే తీరిక ఉండాదే మీకు!" అంది తులసమ్మ. కోపంగానే అనాలనుకుంది, నవ్వు వచ్చేసింది.

"నా శాస్త్రం యాడా తప్పలేదప్పా," అని బైరప్ప మూటలెత్తుకున్నాడు. "గండం యజమాని చేతిలోనే ఉండాదని సుడి చెప్తానే ఉండాది."

మునిరాజ ముడిని దారం దారంగా విప్పాడు. సాయంత్రం కుప్పం బస్సు ఎక్కింది అతనొక్కడే.

మర్నాటి నుంచి దేవరాజులు వార్తలు విన్నంత సేపూ వేలును బొచ్చు వాలునే నడిపాడు.