నా చూపు మీద విచారణ

ప్రతి ఇంట్లోనూ ఒక నష్టజాతకుడు ఉండి తీరాలని నా నిశ్చితాభిప్రాయం. లేకపోతే జట్టు ఓడిన ప్రతిసారీ ఆటగాళ్లను తిట్టుకోవాలి. వాళ్లు మన మాట వింటారా? ఇంట్లోవాడైతే చేతికి అందుబాటులో ఉంటాడు.

మా ఇంట్లో ఆ పదవి నాది. నేను సోఫాలో కూర్చుంటే మా జట్టు ఓడిపోతుందని కనిపెట్టినవాడు మా బావమరిది. ఉండేది పక్క వాటాలో, మ్యాచ్ చూసేది మా వాటాలో. "ఏమనుకోకు బావా, కాసేపు అలా మెట్ల మీద కూర్చో" అనేవాడు. టీవీ నాది, సోఫా నాది. మూసిన తలుపు అవతలి కేకలను బట్టి స్కోరు ఊహించుకుంటూ రెండు సీజన్లు గడిపాను.

అంతలో మా అమ్మాయికి స్కూల్లో స్టాటిస్టిక్స్ మొదలైంది. వెళ్లి మేనమామను నిలదీసింది.

"నాన్న చూస్తే ఓడిపోతారని నీకెలా తెలుసు మామయ్యా?"

"ఎలా ఏంటే, ఫైనల్లో చూశాం కదా. బావ వచ్చి కూర్చున్నాడో లేదో, మనవాళ్లు చాప చుట్టేశారు."

"నాన్న కూర్చున్నా గెలిచినవి?"

"అవెవరు గుర్తుపెట్టుకుంటారే?"

"అందుకే టెస్టు చేద్దాం. నాన్నకీ ఓటమికీ సంబంధం లేదనుకుని మొదలుపెడతాం. దాన్నే నల్ హైపోథిసిస్ అంటారు. ఉందని రుజువు చెయ్యాల్సింది నువ్వు."

కోర్టులో ముద్దాయికి ఇచ్చే మర్యాద అన్నమాట. ఇంట్లో నాకు దక్కడం అదే మొదలు.

ఇరవై చీటీలు రాసింది. సగం సోఫా, సగం మెట్లు. మ్యాచ్‌కు ముందు మా ఆవిడ కళ్లు మూసుకుని ఒకటి తీసేది. బావమరిదికి వదిలితే, గట్టి జట్టుతో ఆట ఉన్న రోజే నన్ను సోఫా ఎక్కిస్తాడు మరి. ఎంత తేడా వస్తే నమ్మాలో కూడా అమ్మాయి ముందే గీత గీసింది: నా ప్రమేయం ఏమీ లేకుండా ఊరికే అంత తేడా వచ్చే అవకాశం నూటికి ఐదు కన్నా తక్కువ ఉండాలి. ఆట అయ్యాక గీత జరపడం కుదరదట.

నేను సోఫాలో ఉన్న పది మ్యాచ్‌లలో ఆరు ఓడారు. మెట్ల మీద ఉన్న పదింటిలో ఐదు.

"చూశావా, ఒకటి ఎక్కువ!" అన్నాడు బావమరిది.

"నాణెం ఎగరేసినా ఇంత తేడా వస్తుంది మామయ్యా."

"అయితే నేను నిర్దోషినే కదమ్మా?" అన్నాను నేను.

"అలా అనలేదు నాన్నా. నేరం రుజువు కాలేదన్నాను."

అదే పదివేలనుకుని సోఫా మధ్యలో కాళ్లు చాపాను. సైన్స్ గొప్పతనం పాఠకులకు చాటాలని ఆ క్షణంలోనే నిశ్చయించుకున్నాను. ఆ ఆదివారం మావాళ్లు గెలుపు అంచున ఉన్నారు. అప్పుడొచ్చి నా పక్కన చతికిలబడ్డాడు బావమరిది. వెంటనే మావాళ్ల వికెట్ ఒకటి పడింది. వాడు కాలు మీద కాలు వేసుకున్నాడు. ఇంకోటి పడింది.

నేను గొంతు సవరించుకున్నాను. "ఒరేయ్, నీకు ఇంట్లో పనేమీ లేదూ?"

అమ్మాయి నావైపు అదోలా చూసింది. "మామయ్యకీ టెస్టు పెడదామా నాన్నా?"

"తీరిగ్గా పెడుదువుగాని తల్లీ. ముందు వాణ్ని పంపించి తలుపెయ్యి."