వేసవిలో వేన్నీళ్ల స్నానం

ఈ మధ్య ఎప్పుడు ఫోన్ చేసినా నేను స్నానంలో ఉన్నానని మా ఆవిడ చెబుతోందని మీరంతా నిష్ఠూరాలాడుతున్నారు. సంగతి చెబుతాను. నవ్వకూడదు.

మా ఇంట్లో వెనకవైపు ఒక గదుంది. మధ్యాహ్నం భోంచేసి నేను నడుం వాల్చేది అక్కడే. తలుపేసుకుంటే మా ఆవిడ మాటలు సగమే వినపడతాయి. వేసవంతా అత్తగారు వచ్చి ఉంటారని, ఆ గది ఆమెకేనని మా ఆవిడ చెప్పగానే నా గుండెల్లో రాయి పడింది.

సరిగ్గా అప్పుడే పాత గీజరు కన్ను మూసింది. కరెంటు తక్కువ తాగేది చూసి రమ్మని మా ఆవిడ నన్ను కొట్టుకు పంపింది. ఆ కొట్టాయన ఏదడిగినా పూర్వాపరాలతో సహా చెబుతాడు కాబట్టి ఊరంతా ఆయన్ని వివరంగారంటారు. సోలారు, గ్యాసు, హీట్ పంపు అని ఆయన చెబుతుంటే నేను తలాడిస్తూ కూర్చున్నాను. హీట్ పంపు గాలిలోని వేడిని లాగి నీళ్లకిస్తుందట. ఎలా లాగుతుందో, నీళ్లు ఎలా పుచ్చుకుంటాయో నా బుర్రకెక్కలేదు. వేడి అన్న ముక్క మాత్రం ఎక్కింది.

వేడిచేసే యంత్రాన్ని తీసుకెళ్లి ఆ గదిలో పెడితే గది పొయ్యవుతుంది. అత్తగారు రెండ్రోజుల్లో పెట్టె సర్దుకుంటారు. నా మంచం నాకొస్తుంది.

గోడవతలే బాత్రూమ్ కాబట్టి గొట్టం పొట్టిగా సరిపోతుందని, దారిలో నీళ్లు చల్లారవని మా ఆవిడకు నచ్చజెప్పాను. మర్నాడు ఆలోచించి, "మీ ఇష్టమండీ" అంది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మాట వినడం అదే మొదలు. అనుమానించాల్సిందిపోయి సంబరపడ్డాను.

అత్తగారు వచ్చారు. నేను హాల్లో పేపరుతో విసురుకుంటూ, ఆమె ఎప్పుడు చెమటలు కక్కుతూ బయటికొస్తారా అని కాచుకు కూర్చున్నాను. సాయంత్రం ఆమె శాలువా కప్పుకుని వచ్చారు. ఇంత హాయిగా నిద్రపోయి ఎన్నాళ్లయిందోనన్నారు.

గదిలోకి పరిగెత్తాను. యంత్రంలోంచి చల్లగాలి వస్తోంది. బాత్రూమ్‌లో కొళాయి తిప్పితే చెయ్యి కాలింది. మళ్లీ గదిలోకొచ్చాను. చల్లగాలే.

"దీన్ని తిరగేసి బిగించారే" అన్నాను మా ఆవిడతో.

"సరిగ్గానే బిగించారు. వేడంతా నీళ్లలోకి పోతే గదిలో ఏం మిగులుతుంది?"

"నీకెవరు చెప్పారు?"

"వివరంగారికి ఫోన్ చేశాను. మీకూ చెప్పారట కదా. నేనైతే శ్రద్ధగా విన్నాను."

"మరి గది వేడెక్కుతుందని..." అనేసి నాలుక కరుచుకున్నాను.

"అందుకే కదండీ మీరు అక్కడ పెట్టించింది" అంది తాపీగా. అప్పటికే తన దిండు కూడా ఆ గదిలోకి చేరిపోయింది. మూడో మనిషికి చోటు లేదట.

పోనీ అంతటితో ఆగిందా? మర్నాడు మిట్టమధ్యాహ్నం ఉడికిపోతూ హాల్లో చాప మీద దొర్లుతుంటే గదిలోంచి అత్తగారి గొంతు వినిపించింది.

"అల్లుడుగారూ, గాలి ఆగిపోయింది బాబూ."

యంత్రం చెడిపోయిందనుకుని ఆశగా లేచాను. చెడిపోలేదు. ట్యాంకు నిండా నీళ్లు కాగితే అది ఆగిపోతుందట. ఆ వేన్నీళ్లు ఎవరైనా వాడేస్తేనే మళ్లీ తిరుగుతుందట.

మా ఆవిడ తువ్వాలు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.