సూరయ్య బందరువాడైన వృత్తాంతం

వాణీ, వీణ పక్కన పెట్టి కాసేపు త్రాసు పట్టుకో తల్లీ! ఇది పాడవలసిన కథ కాదు, తూచవలసిన కథ. ఇందులో శౌర్యం కన్నా దబాయింపు బరువు. ముల్లు ఎటు మొగ్గుతుందో నువ్వే చూడాలి.

బహుధాన్య నామ సంవత్సర వైశాఖ మాసమున, ప్రచండ మార్తాండుడు దివిసీమ వరిమళ్లను పెనం మీద అట్టులా కాల్చి, తిరగెయ్యడం మరిచి, పడమటికి కదలనని మొరాయించిన ఒకానొక మూడో జామున, అవనిగడ్డ ఊరి వెలుపల, పైరు కోసిన మడిలో, కృష్ణాతీర చరిత్రలో మునుపెన్నడూ జరగనిదీ, నిరుడూ ముందటేడూ మాత్రం జరిగినదీ అయిన మహాసంగ్రామం మొదలైంది. ఒక దిక్కున, సముద్రమే అగడ్తగా, ఈగలే పహరాగా వర్ధిల్లే బందరు మహాజాతి. ఎదురు దిక్కున, బియ్యపు మిల్లుల పొగే ధ్వజంగా, ఊకే విభూతిగా వెలిగే గుడివాడ మహాజాతి. రాజ్యం కోసం కాదు, రత్నం కోసం కాదు. చెడుగుడులో గెలిచిన జట్టుకిచ్చే ఒక ఇత్తడి చెంబు కోసం. అదీ సొట్టది.

బందరు సేనకు సర్వభారధురంధరుడు శోభనాద్రి శెట్టి. గిలకలదిండి రేవులో పడవలకు కొబ్బరితాళ్లూ, వలలకు నూలూ అమ్మే రజ్జువిక్రయ సార్వభౌముడు. మనుషుల్ని కూడా ఆయన తాళ్లను చూసినట్టే చూస్తాడు. ఏ ఊరి పీచుతో పేనారని అడగడు. రెండు చేతులా పట్టి లాగి చూస్తాడు. తెగనిది మంచి సరుకు. ఆ విధంగా లాగి చూసి ఏరుకున్న సరుకుల్లో మేలైనది సూరయ్య.

సూరయ్య చేపల వేటకు పోయే పల్లెకారు కుర్రాడు. బరిలో కూత పెట్టి కదిలాడంటే సుడిగాలి కూడా వాడి వెనక నడిచి రావలసిందే. కాని వాడు పుట్టింది మనవాళ్లు రంగం అని పిలిచే రంగూనులో. అక్కడి రేవులో మూటలు మోసే తండ్రి మూట కిందే ప్రాణం విడిచాడు. ఆ తరవాత గొడవలు లేచి, ఆ ఊరివాళ్లు కర్రలు పట్టుకుని "మీ దేశం మీరు పొండి" అని తరిమితే, తల్లి సత్యవతమ్మ పదేళ్ల వాణ్ణి చెయ్యి పట్టుకుని ఓడెక్కించి గిలకలదిండి చేర్చింది. నిరుడు దొరలు బర్మాను ఇండియా నుంచి కోసి వేరే పెట్టారు. సూరయ్య ఒడ్డున కూచుని వల బాగుచేసుకుంటూ ఉండగానే, లేచి నాలుగడుగులు వేసిన పాపాన పోకుండానే, పరదేశంలో పుట్టినవాడైపోయాడు.

బందరు జనం వాణ్ణి ఏమని పిలిచేవారంటే, అది ఆ రోజు ఆటను బట్టి ఉండేది. ముట్టి వస్తే "మన సూరయ్య". దొరికిపోతే "రంగపోడు, వాడికేం తెలుసు". రెండు ధరలూ విని సూరయ్య ఊరుకునేవాడు. బేరమాడే స్థితి కాదు మరి.

ఇక యుద్ధం. మొదటి కూతకే సూరయ్య గుడివాడ వ్యూహంలోకి వడగాలిలా చొరబడి, మిల్లు యజమాని కొడుకూ మహాకాయుడూ అయిన నాయకుడు ఆదినారాయణ చేతుల కిందుగా దూరి, అతని పక్కనున్న ముగ్గురు యోధుల మోకాళ్లను వరసగా ముట్టి, ఊపిరి తెగకుండా గీత దాటి వచ్చాడు. బందరు పక్షం అరిచిన అరుపుకు మడిలో కొంగలు లేచిపోయాయి. అప్పుడు లేచాడు పిచ్చేశ్వరరావు. గుడివాడ జట్టు కార్యదర్శి, వృత్తిచేత ప్లీడరు గుమాస్తా, స్వభావం చేత ప్లీడరు.

"ఆపండి! మాస్టారూ, ఈల ఊదండి!" అని గర్జించి, గొడుగు కత్తిలా చాచి, సభనుద్దేశించి ఇలా పలికాడు: "ఓ న్యాయపక్షపాతులారా! ఈ సూరయ్య అనునతడు సముద్రాంతరమున, పరప్రభుత్వ పరిపాలితమగు బర్మాదేశమున జన్మించినవాడు. ఏ ఊరి జట్టులో ఆ ఊళ్లో పుట్టినవారే ఆడవలెనని నిరుడు ఇదే స్థలమున నిర్ణయమైనది. కావున ఇతడు ముట్టిన ముట్టుళ్లు చెల్లవు. చచ్చిన మా ముగ్గురూ చావలేదు!"

చచ్చిన ముగ్గురూ సంతోషంగా లేచి లోపలికి వచ్చేశారు.

ఆట పెద్ద నాగభూషణరావు గారు, అవనిగడ్డలో కాపురమున్న రిటైరు హెడ్మాస్టరు, ఈల నోట్లోనుంచి తీసి విచారంగా అన్నారు. "నిజమేనండీ. ఆ నియమం ఉంది. పెట్టించింది ఎవరో కాదు, శోభనాద్రి గారే."

అవును, శోభనాద్రే. నిరుడు గుడివాడవాళ్లు ఏలూరు నుంచి ఇద్దరు వస్తాదుల్ని తిండిపెట్టి తెచ్చుకుని బందరు వీరుల పక్కటెముకలు సవరించినప్పుడు, ఉగ్రుడై ఊగిపోయి, "ఏ ఊళ్లో పుట్టినవాడు ఆ ఊరికే ఆడాలి, అంతే!" అని శాసనం చేయించింది ఆయనే. అప్పుడు అది లాభసాటి సరుకు. ఇప్పుడు అదే సరుకు తన గుమ్మంలోకి తిరిగొచ్చింది.

"శెట్టిగారూ, మాట్లాడరేం?" అన్నాడు పిచ్చేశ్వరరావు, తీయగా. "తమరు అమ్మిందే గదండీ!"

గుడివాడ పక్షం గొల్లుమంది. "రంగపోడా! ఓడెక్కి పోరా!" అని ఒకడు కేకేశాడు. బందరు పక్షంలో కూడా ఇద్దరు ముగ్గురు నేల చూపులు చూసి, "పోనీ, బయట కూచున్న కాంతారావును దింపుదామా? పేచీ ఎందుకు?" అని గొణిగారు.

సూరయ్య నడుముకు చుట్టిన తువ్వాలు విప్పి ముఖం తుడుచుకున్నాడు. "నేను ఒడ్డున కూచుంటాలెండి, శెట్టిగారూ," అన్నాడు. "అక్కడ పొమ్మన్నారు, వచ్చాం. ఇక్కడా పొమ్మంటే ఎటెళ్లాలో, మాస్టారు గారు చదువుకున్నోరు గదా, చెప్పమనండి."

ఆ మాటకు ఈల కూడా నాగభూషణరావు గారి వేళ్లమధ్య నిలవలేక జారిపోయింది. అయినా ఆయన నియమాన్ని విడవలేదు. "నాయనా, నా చేతుల్లో ఏముంది?" అన్నారు. చేతుల్లో ఉన్నవాళ్లంతా అనే మాటే అది.

శోభనాద్రికి ఒంట్లో రక్తమంతా నెత్తికెక్కింది. నష్టం వచ్చినప్పుడు అరిచేవాడు చిల్లర వర్తకుడు, ఆయన అరవలేదు. సరుకు నిలవలో ఎక్కడ తప్పుందా అని వెతికాడు. తన జట్టు వంక చూశాడు. ఎదటి జట్టు వంక చూశాడు. గీతకు అవతల తొడ చరుస్తూ నవ్వుతున్న ఆదినారాయణ దగ్గర ఆయన కళ్లు ఆగిపోయాయి. ఆదినారాయణ ఆయన సొంత చెల్లెలు సత్యవేణి కొడుకు.

"ఒరే ఆదినారాయణా, ఇలా రా."

"ఏం మావయ్యా? చెంబు ఇప్పుడే ఇచ్చేస్తారా?"

"ఇస్తాలే. నువ్వు ఎక్కడ పుట్టావురా?"

"అదేం ప్రశ్న? గుడివాడలో."

"ఎవరు చెప్పారు?"

"ఒకళ్లు చెప్పేదేవిటి? మాది గుడివాడేగా!"

"మీదే. మీ నాన్నదీ, మీ తాతదీ గుడివాడే. మీ అమ్మ నిన్ను కన్నదెక్కడా అంట!"

ఆదినారాయణ నోరు తెరిచాడు. కుడి పక్కకు చూశాడు, ఎడమ పక్కకు చూశాడు. ఆ విషయంలో సాక్ష్యమిచ్చేవాడు జట్టులో ఎవడూ లేడు.

అప్పుడు శోభనాద్రి విజృంభించాడు. ఉత్తరీయం భుజాన విసురుకుని, మడి మధ్యలో కాలు పాతి, సముద్ర గర్భంలోంచి వచ్చినట్టున్న కంఠంతో ఇలా ఎలుగెత్తాడు: "ఓ గుడివాడ మహావీరులారా! ఓ న్యాయశాస్త్ర సముద్రాన్ని గొడుగుతో ఈదిన పిచ్చేశ్వరరావు గారూ! వినండి! ఈ ఆదినారాయణ, మీ జట్టుకు మూలస్తంభం, మా బందరు ఇంట్లో, వసారా పక్క గదిలో, భోరున వాన కురుస్తుండగా పుట్టాడు. మంత్రసాని కోసం ఆ వానలో గొడుగైనా లేకుండా పరిగెత్తినవాణ్ణి నేను! పుట్టిన ఊరే ఊరైతే వీడు నా జట్టువాడు. ఒరేయ్, గీత దాటి ఇవతలకి రా!"

"మావయ్యా, ఊరుకోండి, అందరూ చూస్తున్నారు," అన్నాడు మూలస్తంభం, చెవులు ఎర్రబడుతుంటే.

"అది పురిటికి వచ్చినప్పటి మాట!" అన్నాడు పిచ్చేశ్వరరావు. "మొదటి పురుడు పుట్టింట్లోనే పోస్తారు. అది ఆచారం!"

"తమరు ఎక్కడ పుట్టారండీ?"

"నేను ఆడటం లేదుగా!"

"అడగటంలో తప్పేముంది? చెప్పండి."

పిచ్చేశ్వరరావు గొడుగు మూసి, మళ్లీ తెరిచాడు. "కైకలూరు," అన్నాడు. "మా అమ్మమ్మగారిల్లు."

ఇక నిప్పంటుకుంది. శోభనాద్రి గుడివాడ యోధుల్ని వరసగా అడుగుతూ పోయాడు. అడిగిన కొద్దీ ఒక్కొక్క మహాయోధుడూ ఒక్కొక్క అమ్మమ్మగారి ఊరికి ఎగిరిపోయాడు. ఒకడు ఉయ్యూరు, ఒకడు పామర్రు, ఒకడు సాక్షాత్తూ అవనిగడ్డ. ఆ పేరు వినగానే చూడవచ్చిన జనం "మనోడే, మనోడే!" అని చప్పట్లు కొట్టారు. గుడివాడవాళ్లు ఊరుకుంటారా? వాళ్లూ ఎదురుదాడికి దిగి బందరు జట్టును అడగనారంభించారు. కాంతారావు గుడివాడలో పుట్టినట్టు తేలింది. "అయితే ఇటు రావయ్యా బావా, మంచినీళ్లు తాగుదువుగాని," అని ఆదినారాయణే వాణ్ణి చెయ్యిపట్టి లాగాడు. ఆ విధంగా ఏ గొడ్డలీ ఎత్తకుండా, ఏ రక్తమూ కారకుండా, రెండు మహాసైన్యాలూ తమ తమ తల్లుల పుట్టిళ్ల దెబ్బకు కకావికలైపోయాయి. తొడలు చరచుకున్న చేతులతో అందరూ తలలు గోక్కున్నారు. ఇన్నేళ్లుగా తమ ఊరి కోసం ప్రాణాలిస్తామన్న మగవాళ్లలో ఒక్కడికైనా, తన ప్రాణం మొదట ఏ ఊళ్లో వచ్చిందో ఇవాళ అడిగేదాకా గుర్తుంటే ఒట్టు.

మజ్జిగ కుండతో వచ్చి గట్టున కూచున్న నాగభూషణరావు గారి భార్య రాజ్యలక్ష్మి గారు అక్కణ్ణించే అన్నారు. "ఏమండీ, మన ముగ్గురు పిల్లలూ మా ఏలూరులోనే గదా పుట్టింది. ఈ లెక్కన వాళ్లు మీ ఊరివాళ్లు కారన్నమాట. ఇంటికెళ్లి చెప్పమంటారా?"

హెడ్మాస్టరు గారు వంగి, ఇందాక జారిపోయిన ఈలను దుమ్ములో వెతుక్కున్నారు. పదవిలో ఉన్న ఏ న్యాయాధిపతైనా చేసే పని అదే.

శోభనాద్రి సూరయ్య వైపు తిరిగాడు. "ఒరే సూరయ్యా, మీ అమ్మ నిన్నెక్కడ కన్నదిరా?"

"మా నాన్న పాకలోనండి. పుట్టింటికి పంపాలంటే ఓడ కావాలి గదండీ. ఎవరు పంపుతారు?"

"విన్నారా మాస్టారూ! రెండు జట్లలోనూ కన్నతండ్రి కప్పు కింద పుట్టినవాడు వీడొక్కడే! వీణ్ణి పరాయివాడంటే, మనమంతా ఏవిటి?"

పిచ్చేశ్వరరావు ఇంకా ఏదో సూక్ష్మం తియ్యబోయాడు. ఇంతలో రేవు నుంచి పడవవాడు కేకేశాడు. పొద్దు వాలిపోతోంది, దాటేవాళ్లు రావాలని. నాగభూషణరావు గారు ఈల దులిపి నోట పెట్టుకుని, తీసి, తీర్పు చెప్పారు. "రాత్రి ఏ ఊళ్లో పడుకుని పొద్దున్న ఏ ఊళ్లో లేస్తాడో, వాడు ఆ ఊరివాడు. నిరుటి నియమం రద్దు. ఇందాకటి కూత కూడా లెక్కలేదు. చెరొక కూత, అంతే."

"అది తాత్కాలిక నివాసం కిందికి వస్తుందండీ!" అన్నాడు పిచ్చేశ్వరరావు.

"పడవ కూడా తాత్కాలికమేనండీ. వెళ్లిపోతుంది. ఆడండి!"

ముందు ఆదినారాయణ వచ్చాడు. పర్వతం కదిలినట్టు వచ్చి, తాను పుట్టిన ఊరి వీరులు నలువైపులా చెదిరిపోగా ఒక్కణ్ణీ ముట్టలేక, ఊపిరి చాలక, పర్వతమే వెనక్కి పోయింది.

తరవాత సూరయ్య. నేలకు చెయ్యి తాకించి, ఎవరి వంకా చూడకుండా, కూత అందుకున్నాడు. ఆ కూత మొదట సన్నగా, దూరాన తెరచాప తాళ్లలో గాలి పాడినట్టు మొదలై, క్రమంగా పోటెత్తి, గుడివాడ వ్యూహపు కుడి కొనను ఊపి, ఎడమ కొనను ఊరించి, నడుమ నిలిచింది. ఇద్దరు నడుము పట్టారు. ఒకడు కాలు పట్టాడు. ముగ్గురు మోసుకుపోతున్నట్టే ఉంది. కూత మాత్రం తెగలేదు. దుమ్ములో ఒక చెయ్యి జానెడు సాగింది. గీతకు రెండు బారల దూరాన ఏమీ ఎరగనట్టు నిలబడ్డ ఆదినారాయణ కాలి చిటికెన వేలును ఆ చెయ్యి తాకింది. తాకిన క్షణంలో ముగ్గురి పట్టూ సడలిందో, ఒళ్లంతా చేపలా జారిందో, సూరయ్య గీత మీద పడి ఉన్నాడు, చివరి "చెడుగుడు" ఇంకా నోట్లో ఉండగానే.

"ముట్టాడా?" అన్నారు నాగభూషణరావు గారు.

ఆదినారాయణ వేలు చూసుకున్నాడు. అబద్ధమాడదామనుకున్నాడు. మేనమామ చూస్తున్నాడు. "ముట్టాడండీ," అన్నాడు.

ఈల మోగింది. గుడివాడ పక్షం భగ్గుమంది. "మోసం! అన్యాయం! ఓరి బందరోడా! బందరోళ్లంతా ఇంతేరా, దొంగ నా కొడుకులు!"

సూరయ్య దుమ్ములోంచి లేచాడు. మోచెయ్యి చీరుకుపోయి నెత్తురు కారుతోంది. అది తుడుచుకోలేదు.

"శెట్టిగారూ, విన్నారా?"

"ఏవిటిరా?"

"బందరోడా అంటన్నారండీ. నన్నేనండీ!"

పడవలు కదిలాయి. ముందు పడవలో బందరు, వెనక పడవలో గుడివాడ. వెనక పడవలోంచి తిట్లు నీళ్లమీదుగా వస్తూనే ఉన్నాయి. అందరూ కూచున్నారు, సూరయ్య తప్ప. వాళ్లకు బాగా కనపడేట్టు పడవ అంచు దగ్గర నిటారుగా నిలబడ్డాడు.

"కూచోరా, పడతావు," అన్నాడు శోభనాద్రి. "మరీ మురిసిపోకు. వచ్చే ఏడు దొరికిపోయావంటే మన బందరువాళ్లే మళ్లీ రంగపోడంటారు."

"అప్పటి సంగతి అప్పుడు చూద్దాం లెండి. ఇవాళ్టికి వాళ్లను తిట్టనివ్వండి."

జయము! జయము! చతుస్సాగర పర్యంత భూమండల వాసులారా, వినండి! బహుధాన్య వైశాఖమున, కృష్ణానదికి ఈవల, సూర్యాస్తమయానికి కాస్త ముందు, సమస్త శాస్త్రార్థాలనూ ఓడించి, రెండు మహాసైన్యాలను వాటి అమ్మమ్మగారి ఊళ్లకు పంపి, బందరు మహాజాతి గుడివాడ మహాజాతి ఎడమకాలి చిటికెన వేలును సంపూర్ణంగా జయించింది!