అరువు నాలుక

ఆ పొద్దున కళ్లజోళ్లాయన వేసుకున్న పథకంలో కొత్తేమీ లేదు. భార్య చేతి నుంచి గిన్నెల డబ్బా అందుకోవాలి, బజారుకెళ్లి కళ్లజోళ్ల దుకాణం షట్టరు ఎత్తాలి, మధ్యాహ్నం దాకా వచ్చినవాళ్లందరి ముక్కు మీదా అద్దాలు పెట్టి "ఇప్పుడు కింది వరుస చదవండి" అనాలి. ఆ తర్వాత ఎదురుగా ఉన్న నూడుల్స్ బండి దగ్గరకు వెళ్లి, డబ్బా ఇచ్చి ప్లేటు పుచ్చుకోవాలి. చాలాకాలంగా ఆయన రోజూ చేస్తున్నది ఇదే.

"ఇవాళ బెండకాయ వేపుడు. కారం కాస్త తగ్గించాను. సాయంత్రం వచ్చాక ఎలా ఉందో సరిగ్గా చెప్పాలి," అంది భార్య గుమ్మంలో నిలబడి.

"చెప్పకుండా ఎక్కడికి పోతాను?" అన్నాడాయన. ఆ చెప్పే మాటలు తనవి కావన్న సంగతి మాత్రం చెప్పలేదు.

నూడుల్స్ బండివాడిని బజారంతా 'ఫుల్ ప్లేట్' అంటారు. ఎవరైనా హాఫ్ అడిగితే "హాఫ్ ఎవరికి ఆనుతుంది సార్?" అంటూ ఫుల్లే వడ్డించే రకం. పొద్దస్తమానం నూడుల్స్ వేయించీ వేయించీ వాడికి ఆ వాసనంటేనే మొహం మొత్తింది. చాన్నాళ్ల కిందట ఒకరోజు కళ్లజోళ్లాయన ప్లేటు ఖాళీ చేసి, నిండు డబ్బా ఇంటికి పట్టుకెళ్తే ఏం సమాధానం చెప్పాలో తెలియక బిక్కమొహం వేశాడు. "ఇలా ఇవ్వండి సార్, నేను తింటాను" అన్నాడు ఫుల్ ప్లేట్. కళ్లు మూసుకుని, ఆఖరి మెతుకు దాకా తిన్నాడు.

"అమ్మగారి చెయ్యి బంగారం సార్. కాకపోతే ఉల్లిపాయ ఇంకాస్త వేగాల్సింది."

ఆ సాయంత్రం భార్య ఎప్పటిలాగే "కూర ఎలా ఉంది?" అని అడిగింది. పెళ్లయిన నాటి నుంచీ ఆ ప్రశ్నకు ఆయన దగ్గర ఉన్నది ఒకటే జవాబు, "బాగుంది" అని. ఆ రోజు మాత్రం నోరు జారి, "ఉల్లిపాయ ఇంకాస్త వేగితే బాగుండేది" అనేశాడు. ఆవిడ చేతిలో గరిటె గాల్లోనే ఆగిపోయింది. కోపంతో కాదు, సంతోషంతో. ఇన్నేళ్లూ గోడతో మాట్లాడుతున్న మనిషికి ఉన్నట్టుండి గోడ బదులు పలికింది మరి.

అప్పటి నుంచి ఆ ఇంటి తీరే మారింది. భోజనాలయ్యాక కూడా ఆవిడ ఆయన పక్కనే కూర్చుని రేపటి కూర గురించి చర్చించేది. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చిన ఆడవాళ్లతో, మిషను తొక్కుతూనే "మా ఆయన నాలుక దగ్గర ఏదీ దాగదమ్మా" అని చెప్పుకునేది. భార్య మొహంలో ఆ వెలుగు చూసి ఆయన కరిగిపోయేవాడు, మరుక్షణమే గతుక్కుమనేవాడు. ఆ దీపానికి నూనె పోస్తున్నది నూడుల్స్ బండివాడని తెలిసిందా, ఆరిపోతుంది. ఆయన భయమల్లా అదే.

సరే, బెండకాయ వేపుడు. ఆ మధ్యాహ్నం డబ్బా తెరిచే ముందు ఫుల్ ప్లేట్ వరసగా తుమ్మాడు. ముక్కు పండు మిరపకాయలా ఉంది. ఒక ముద్ద తిని మొహం చిట్లించాడు.

"ఉప్పు లేదు సార్. కారం అసలే లేదు. అమ్మగారు ఏదో పరధ్యానంలో ఉన్నట్టున్నారు."

"అలాగా," అన్నాడాయన, మాట పొల్లుపోకుండా గుర్తుపెట్టుకుంటూ.

"నా నూడుల్స్ ఎలా ఉన్నాయి సార్ ఇవాళ?"

"బాగున్నాయి," అన్నాడాయన జుర్రుకుంటూ.

ఆ సాయంత్రం సంగతి విని భార్య నొచ్చుకుంది. మర్నాడు ఉప్పూ కారమూ రెండూ పెంచింది. ఫుల్ ప్లేట్ తుమ్మి, తిని, "ఇంకా చప్పిడే సార్" అన్నాడు. ఆయన ఆ మాటను ఇంటికి మోసుకెళ్లాడు. ఆ తర్వాతి రోజు ఆవిడ ఇంకాస్త పెంచింది. ఫుల్ ప్లేట్ మాట మారలేదు. ఎందుకోగానీ ఆ వారం బండి చుట్టూ జనం పలచబడ్డారు. మోచేతులు తగలకుండా తినొచ్చు కదా అని ఆయన సంతోషించాడు. దాహం మాత్రం ఎక్కువవుతోంది, ఎండలని సరిపెట్టుకున్నాడు.

గోరుచుట్టు మీద రోకటిపోటులా ఆ వారమే అత్తగారు దిగింది. ఆవిడ ఒకప్పుడు మందుల కొట్టు పక్కింట్లో కాపురం ఉంది. ఆ అర్హత మీద చుట్టపక్కాలందరి జబ్బులూ ఆవిడే తేల్చేది. రాత్రి భోజనంలో మొదటి ముద్దకే గ్లాసెడు నీళ్లు గటగటా తాగింది.

"ఇది కూరా, నిప్పుల కుంపటా?"

"ఆయనకి ఇదీ చాలడం లేదమ్మా," అంది కూతురు కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ. "ఏమండీ, ఎలా ఉంది?"

కళ్లజోళ్లాయన తలవంచుకుని తింటున్నాడు. నుదుటి మీద చెమట ధారలు కడుతోంది. ఫ్యాను కాస్త పెంచమన్నాడు. మధ్యాహ్నం విన్నది గుర్తు తెచ్చుకుని, "కాస్త చప్పగానే ఉంది" అన్నాడు.

అత్తగారు చేతిలో ముద్ద కంచంలో వదిలేసింది. కూతురిని వంటింట్లోకి లాక్కెళ్లి గొంతు తగ్గించింది. తగ్గించిన గొంతు కూడా హాల్లోకి వినిపించింది.

"నాలుక చచ్చిపోయిందే! ముందు నాలుక, తర్వాత ముక్కు, ఆ పైన మతి. మందుల కొట్టాయన బాబాయి ఇలాగే పోయాడు."

"అలా అనకమ్మా!"

"అనక ఏం చెయ్యను? డాక్టరుకి చూపించాలి. సూదులు పడాలి." ఆ పై మాటలు చెవిలో చెప్పింది. "రేపు డబ్బాలో ఉప్పన్నదే వెయ్యకు. ఏమంటాడో చూద్దాం."

సూదులన్న మాట చెవిన పడేసరికి ఆయన కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు. ఆ రాత్రి గట్టి నిర్ణయం తీసుకున్నాడు. రేపు ఫుల్ ప్లేట్ ఏమైనా అననీ, కూర బ్రహ్మాండంగా ఉందని చెప్పి ఈ గొడవకి మంగళం పాడెయ్యాలి.

మర్నాడు ఫుల్ ప్లేట్ ఉప్పు లేదనే అన్నాడు. వారం మొత్తంలో వాడు చెప్పిన ఒకే ఒక్క నిజం అది. ఆయన దాన్నే మింగేశాడు. ఇంటికెళ్లి చెప్పులైనా విప్పకుండా అందుకున్నాడు.

"ఇవాళ కుదిరింది చూడూ ఉప్పు! తూకం వేసినట్టు పడింది. ఇన్నాళ్లూ నేనడుగుతున్నది ఇదే!"

భార్య ఖాళీ డబ్బా ఒళ్లో పెట్టుకుని కూలబడి ఏడ్చింది. "నేను చెప్పానా!" అంటూ అత్తగారు తలుపుకి చేరబడింది. మెచ్చుకున్నా ఏడుస్తారేమిటో ఆయనకి అంతుపట్టలేదు.

తెల్లారాక ఆయన మామూలుగానే దుకాణానికి వెళ్లాడు. మధ్యాహ్నం తల్లీకూతుళ్లు ఆటో కట్టించుకుని బజారుకి వచ్చారు. ఉన్నపళంగా డాక్టరు దగ్గరకి తీసుకుపోవాలని వాళ్ల ఎత్తు. దుకాణంలో ఆయన లేడు. ఎదురుగా చూస్తే, నూడుల్స్ బండి పక్కన నిలబడి ప్లేటులోకి తల దూర్చి జుర్రుకుంటున్నాడు. స్టూలు మీద ఎవరో మనిషి కూర్చుని, ఆవిడ తెల్లవారుజామున లేచి వండిన అన్నం కలుపుకుంటున్నాడు.

"ఏమండీ!"

ఆయన నోట్లోంచి వేలాడుతున్న నూడుల్ అలాగే ఉండిపోయింది. ఫుల్ ప్లేట్‌కి మాత్రం సంబరం ఆగలేదు. ఎంగిలి చెయ్యి వెనక్కి పెట్టుకుని లేచాడు.

"అమ్మగారూ, మీరేనా! ఎన్నాళ్లనుంచో చూడాలనుకుంటున్నాను. ఉల్లిపాయ వేగాలని చెప్పి పంపించింది నేనేనమ్మా. పప్పులో నీళ్లు తగ్గించమన్నదీ నేనే!"

ఆవిడ మొహంలో రంగు దిగిపోయింది. భర్త వైపు తిరిగింది. "అంటే, మీరు రోజూ చెప్పేవన్నీ..."

"ఇతను చెప్పినవే," అన్నాడాయన నేల చూస్తూ.

"ఒక్కటైనా మీది లేదా?"

ఆయన ఆలోచించాడు. "నిన్నటిది నా సొంతం."

"నిన్న కూరలో ఉప్పే వెయ్యలేదు!"

ఆవిడకి ఏడుపూ కోపమూ ఒకేసారి ముంచుకొచ్చాయి. ఇన్నాళ్లూ ఆయన తన వంట గురించి ఆలోచిస్తున్నాడని మురిసిపోయింది. పదిమందికీ చెప్పుకుంది. చివరికి ఆయన ఆ డబ్బా ముట్టుకోనే లేదు.

"నా చేతి కూడు వదిలి ఎగబడుతున్నారంటే ఇదెంత గొప్పగా ఉందో నేనూ చూస్తాను," అంటూ ప్లేటు లాక్కుని ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. మరుక్షణం కాలవ దగ్గరకి పరిగెత్తి ఉమ్మేసింది. "రామరామ! ఉప్పు గుండ! ఇది మనుషులు తినేదేనా?"

ఫుల్ ప్లేట్ బాణలిలోంచి కొంచెం తీసి నోట్లో వేసుకుని చాలాసేపు నమిలాడు. "నాకేం తెలియడం లేదమ్మా. జలుబు పట్టిన దగ్గర్నుంచీ రుచీ లేదు, వాసనా లేదు. చేతికొచ్చినంత వేస్తున్నాను. అయినా సార్‌ని రోజూ అడుగుతూనే ఉన్నాను కదమ్మా! బాగుందనే అన్నారు కదా!" అన్నాక చుట్టూ ఖాళీగా ఉన్న చోటు వైపు చూశాడు. "అందుకా జనం రావట్లేదు!" అని స్టూలు మీద కూలబడ్డాడు.

ముగ్గురూ కళ్లజోళ్లాయన వైపు చూశారు.

"బాగానే ఉంది కదా," అన్నాడాయన నెమ్మదిగా.

అత్తగారు ఇక ఆగలేదు. బండి మీది వెనిగర్ సీసా అందుకుని చెంచాలో పోసింది. "కళ్లు మూసుకోండి అల్లుడుగారూ. నోరు తెరవండి. ఏమిటిది?"

ఆఖరి వరుస దగ్గర తడుముకునే తన ఖాతాదారుల్లాగే ఆయన మొహం ముడుచుకుని ప్రయత్నించాడు. "టీ... కాదు కాదు. పళ్లరసమా?"

"చిన్నప్పటి నుంచీ ఇంతేనా మీకు?" అంది భార్య.

"ఏమో. అందరికీ ఇంతేననుకున్నాను."

"మరి బాగుంది, బాగుంది అనేవారు?"

"నువ్వు వేడివేడిగా పెట్టి ఎదురుగా కూర్చునేదానివి. బాగుండేది," అన్నాడాయన. ఆ మాట చెప్పడానికి ఆయనకి ఎవరి సాయమూ అవసరం కాలేదు.

ఆవిడ గొంతు తగ్గింది. "అలాంటప్పుడు ఇక్కడికెందుకొచ్చారు మరి?"

"ఇక్కడైతే జుర్రుకోవచ్చు. ఇంట్లో చప్పుడు చేస్తే నువ్వొక చూపు చూస్తావు."

ఆవిడకి నవ్వు ఆగలేదు. నవ్వుతూనే కళ్లు తుడుచుకుని, కొంగు బిగించి బండి వెనక్కి వెళ్లింది. "లేవండి, ఆ గరిటె ఇటివ్వండి. ముక్కు బాగయ్యేదాకా రుచి నేను చూస్తాను" అని ఫుల్ ప్లేట్‌ని పక్కకి జరిపింది. ఇంకో పొయ్యి మీద కొత్త బాణలి పెట్టి వెల్లుల్లి వేసిందో లేదో, పండ్ల కొట్టు దగ్గరున్న ఇద్దరు తలలు ఇటు తిప్పారు. కాసేపట్లో బండి చుట్టూ మోచేతులు తగిలే రద్దీ మళ్లీ మొదలైంది. ఫుల్ ప్లేట్ తుమ్ముకుంటూనే ప్లేట్లు అందించాడు. వాడి కళ్లలో నీళ్లు జలుబువో సంతోషానివో చెప్పడం కష్టం.

"జబ్బు కాదే, పుట్టుకే అంత," అని తీర్పు చెప్పి అత్తగారు కూడా ఒక ప్లేటు పుచ్చుకుంది.

పాత బాణలిలో మిగిలినదంతా పారేయడం ఎందుకని కళ్లజోళ్లాయనకి పెట్టారు.